టాల్క్, కాల్షియం కలిపిన పాలీప్రొపిలీన్: తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ వైపు మౌల్డింగ్ షెడ్లు నడిపేవాళ్లు, సిపెట్ అనే ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థలో డిప్లొమా చదివే పిల్లలు, కొత్తగా క్వాలిటీ విభాగంలో చేరినవాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న నుంచే చదవడం మొదలుపెట్టవచ్చు. విడిగా చెప్పనిచోట శాతం అంటే బరువులో శాతం.

## కొనేముందు

పాలీప్రొపిలీన్‌లో (పీపీ) రాతి పొడి కలిపేది ధర తగ్గించడానికే కదా?

ఎక్కువమంది అలాగే అనుకుంటారు. లెక్క వేసి చూస్తే వేరేగా తేలుతుంది. దానా (ప్లాస్టిక్ గింజలు) కిలోల్లో కొంటాం, మౌల్డ్ (అచ్చు) మాత్రం ఘనపరిమాణంతో నిండుతుంది. పీపీ సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.905 గ్రాములు. టాల్క్, కాల్షియం కార్బొనేట్ (వాడుకలో కాల్షియం) రెండింటిదీ 2.7 చుట్టూ ఉంటుంది. 20 శాతం పొడి కలిస్తే ఆ మిశ్రమం, అంటే కాంపౌండ్, సాంద్రత 1.045 అవుతుంది.

మాటవరసకు పొడి కలపని వర్జిన్ పీపీ కిలో 100 రూపాయలు, 20 శాతం కాంపౌండ్ 92 రూపాయలు అనుకోండి. ఒక లీటరు ఖాళీ నింపడానికి పీపీ అయితే 90 రూపాయల 50 పైసలు, కాంపౌండ్ అయితే 96 రూపాయలు పడుతుంది. కిలోకు 8 రూపాయలు మిగిలిందని సంతోషపడితే లీటరుకు ఐదున్నర రూపాయలు చేతినుంచి పోయాయన్నమాట. ఈ ధరల్లో కాంపౌండ్ 86 రూపాయల 60 పైసల కంటే తక్కువకు దొరికితేనే ముక్క ఖర్చు తగ్గుతుంది.

పొడి వల్ల నిజంగా వచ్చే లాభం గట్టితనం, వేడికి వంగకపోవడం, కొలత నిలవడం, సైకిల్ టైమ్ (ఒక ముక్క తయారవడానికి పట్టే సమయం) తగ్గడం. గట్టితనం పెరిగింది కాబట్టి గోడ మందం తగ్గించగలిగితే అప్పుడు డబ్బు కూడా మిగులుతుంది. డిజైన్ ముట్టుకోకుండా పొడి మాత్రం కలిపితే మిగిలేది బరువైన ముక్క.

టాల్క్, కాల్షియం, మైకా, వొల్లాస్టొనైట్... ఇన్నింటిలో ఏది తీసుకోవాలి?

ముందు రేణువు ఆకారం చూడండి, పేరు తర్వాత.

కాల్షియం కార్బొనేట్ రేణువు ఇంచుమించు గుండ్రంగా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పొడవుకు, మందానికి పెద్ద తేడా ఉండదు. గట్టితనం కొద్దిగానే పెంచుతుంది కానీ ఇంపాక్ట్‌ను, అంటే దెబ్బకు ఓర్పును, పెద్దగా పాడుచేయదు. కుర్చీలు, బకెట్లు, సంచులు నేసే రాఫియా టేపు దీని చోట్లు.

టాల్క్ బలపం రాయి జాతి. పేకముక్కల కట్టలాగా పలకల మీద పలకలు, వాటి మధ్య పట్టు చాలా తక్కువ. అందుకే గోటితో గీస్తే గీత పడుతుంది. రుబ్బితే పలుచటి రేకులుగా విడిపోతుంది. రేకు వెడల్పు మందానికి పది, ఇరవై రెట్లు ఉంటే గట్టితనం బాగా పెరుగుతుంది. కారు డ్యాష్‌బోర్డు, బంపర్, వాషింగ్ మెషిన్ టబ్బు, ఫ్యాన్ కవర్లలో ఎక్కువగా ఉండేది ఇదే. మన దగ్గర తాడిపత్రి, బేతంచర్ల వైపు ఈ రాయి దొరుకుతుంది. దేశంలో పెద్ద ఉత్పత్తి రాజస్థాన్‌ది.

మైకా అంటే అభ్రకం. దాని రేకు ఇంకా పలుచన, ఇంకా వెడల్పు. గూడూరు ప్రాంతపు అభ్రకం ఒకప్పుడు కరెంటు సామాన్లలో ఇన్సులేషన్ కోసం విదేశాలకు వెళ్లేది. గట్టితనంలో టాల్క్ కంటే ఒక మెట్టు పైనే ఉంటుంది, కానీ ఇంపాక్ట్‌ను ఎక్కువ తింటుంది. వెల్డ్ లైన్ (మౌల్డ్‌లో రెండు ప్లాస్టిక్ ప్రవాహాలు కలిసే గీత) దగ్గర బలహీనత కూడా ఎక్కువే.

వొల్లాస్టొనైట్ సూదుల్లా ఉంటుంది. గీతలు తట్టుకోవాలంటే, నైలాన్‌లో గ్లాస్ ఫైబర్ అంత వద్దనుకుంటే పనికొస్తుంది.

బరువు కావాలనుకునే చోట బెరైటీస్, అంటే మన ముగ్గురాయి. దాని సాంద్రత 4.5 దాకా ఉంటుంది కాబట్టి శబ్దాన్ని అణచే డ్రైనేజీ పైపుల్లో వాడతారు. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట గనులు ప్రపంచంలోనే పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి.

నన్నడిగితే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గట్టితనం కావాలంటే టాల్క్‌తో, పగలకూడదంటే పూత వేసిన సన్నటి కాల్షియంతో మొదలుపెట్టాలి. మిగతావి వీటితో పని కాదని తేలాక చూడవచ్చు.

డీలర్ "1000 మెష్ పౌడర్" అంటున్నాడు. మంచిదేనా?

ఆ అంకె ఒక్కటే చూసి కొనకండి. మెష్ అంటే జల్లెడ లెక్క. 325 మెష్ జల్లెడ కన్ను 45 మైక్రాన్లు, 635 మెష్‌ది 20 మైక్రాన్లు. అమెరికన్ ప్రామాణిక జల్లెడల్లో అంతకంటే సన్నది లేదు. కాబట్టి 1000 మెష్ అనేది వ్యాపారంలో అలవాటైన పేరు, ఎవరూ జల్లించి చూసిన కొలత కాదు.

లేజర్ పద్ధతిలో తీసిన రెండు అంకెలు అడగండి. ఒకటి డీ50, అంటే సగం పొడి ఏ సైజు లోపల ఉందో. రెండోది డీ98, అంటే 98 శాతం పొడి ఏ సైజు లోపల ఉందో. రెండోదే అసలు అంకె. సగటు 3 మైక్రాన్లున్నా అక్కడక్కడా 40 మైక్రాన్ల రాళ్లుంటే, పగులు వాటి దగ్గరే మొదలవుతుంది.

## లోపల జరిగేది

పొడి కలిస్తే ప్లాస్టిక్ నిర్మాణంలో ఏం మారుతుంది?

మూడు మార్పులు కలిసి జరుగుతాయి.

మొదటిది స్ఫటికాలు. పీపీ సగం స్ఫటికం, సగం గజిబిజి గొలుసులు. చల్లారేటప్పుడు అక్కడక్కడా బీజాలు పుట్టి వాటి చుట్టూ గోళాకారంగా స్ఫటికాలు పెరుగుతాయి. వీటిని స్ఫెరులైట్లు అంటారు. టాల్క్ ఉపరితలం మీద పీపీ గొలుసులు తేలిగ్గా అమరుతాయి కాబట్టి బీజాలు వేల రెట్లు పెరిగి, స్ఫెరులైట్లు చిన్నవవుతాయి. మామూలు పీపీ చల్లారుతూ 110 డిగ్రీల చుట్టూ గడ్డకడితే, టాల్క్ ఉన్నది 120 దాటి ఉండగానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ముక్క తొందరగా బయటికి తీయగలగడానికి ఇదొక కారణం. దీనికి ఒకటి రెండు శాతం టాల్క్ చాలు. కాల్షియం కార్బొనేట్‌కు ఈ గుణం బాగా తక్కువ.

రెండోది రేకుల దిశ. కరిగిన ప్లాస్టిక్ మౌల్డ్ గోడ వెంట జారేటప్పుడు రేకులు గోడకు సమాంతరంగా పడుకుంటాయి. ముక్కను అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే బయటి పొరల్లో రేకులన్నీ ఒకే వరుసలో, మధ్యలో కొంచెం చెదిరి కనిపిస్తాయి. వంచినప్పుడు భారమంతా బయటి పొరల మీదే పడుతుంది. అందుకే ఇలాంటి ముక్కల్లో వంపుకు గట్టితనం బాగా వస్తుంది.

మూడోది రేణువుకు, ప్లాస్టిక్‌కు మధ్య ఉన్న అంచు. పీపీకి నూనె స్వభావం, రాతి పొడికి నీటి స్వభావం. వాటంతట అవి అంటుకోవు. విరిగిన ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే రేణువులు ఊడిపోయిన గుంటలు కనిపిస్తాయి. గుంట గోడ నున్నగా ఉందంటే అంటు లేదని అర్థం. రేణువు మీద ప్లాస్టిక్ పోగులు పట్టుకుని ఉంటే అంటు బాగుంది.

20 శాతం టాల్క్, 20 శాతం కాల్షియం: బరువు ఒకటే, సాంద్రత ఒకటే. గట్టితనం ఎందుకు వేరు?

20 శాతం బరువంటే ఘనపరిమాణంలో ఏడున్నర శాతమే. గుండ్రటి రేణువులు ద్రవంలో కలిస్తే చిక్కదనం ఎంత పెరుగుతుందో ఐన్‌స్టీన్ 1906లో లెక్క వేశాడు. దాన్నే పెంచి 1945లో గుత్ గట్టితనానికి సూత్రం ఇచ్చాడు. 1కి, ఘనపరిమాణ భాగానికి 2.5 రెట్లు, దాని వర్గానికి 14.1 రెట్లు కలపాలి. ఏడున్నర శాతానికి 1.27 వస్తుంది. అంటే 1.4 గిగాపాస్కల్ (గట్టితనం కొలిచే యూనిట్) ఉన్న పీపీ కాల్షియంతో 1.8కి చేరుతుంది.

అదే 20 శాతం టాల్క్‌తో 2.3 నుంచి 2.6 దాకా వస్తుంది. తేడా అంతా ఆకారానిదే. రేకు వెడల్పుగా ఉండటం వల్ల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ నుంచి భారం దాని మీదికి ఎక్కువ బదిలీ అవుతుంది. గుండ్రటి రేణువుకు ఆ పట్టు దొరకదు. కలిపేటప్పుడు రేకులు విరిగి ముక్కలైపోతే మీరు టాల్క్‌కు డబ్బిచ్చి కాల్షియం గుణాలు తెచ్చుకున్నట్టే.

గట్టితనం పెరిగింది, టెన్సైల్ బలం (లాగితే తెగకుండా ఆగే బలం) మాత్రం తగ్గింది. ల్యాబ్ తప్పు చేసిందా?

లేదు. ఈ రెండూ వేర్వేరు దశల్లో కొలిచేవి. గట్టితనం, అంటే మాడ్యులస్, నమూనా వెయ్యిలో ఒకటి రెండు వంతులు సాగినప్పుడు కొలుస్తారు. అప్పటికి రేణువులు ఊడలేదు, అంటు లేకపోయినా అంకె బాగానే వస్తుంది. బలం తెలిసే సరికి రేణువుల చుట్టూ ఖాళీలు ఏర్పడి, భారం మోసే ప్లాస్టిక్ అడ్డుకోత తగ్గిపోయి ఉంటుంది.

అంటు అసలు లేని గుండ్రటి రేణువులకు నికొలాయిస్, నార్కిస్ ఇచ్చిన సూత్రం ప్రకారం 40 శాతం బరువు, అంటే 18 శాతం ఘనపరిమాణం దగ్గర, బలం మొదటిదానిలో 61 శాతమే మిగలాలి. టాల్క్‌తో అంత పడదు. చాలాసార్లు మొదటి బలం చుట్టుపక్కలే నిలబడుతుంది. పడిపోయిందంటే అంటు గురించి ఆలోచించాలి.

సాగడం అన్నది పూర్తిగా పోయింది. ఎందుకు?

రాయి సాగదు కాబట్టి. మొత్తం సాగుడును రేణువుల మధ్య ఉన్న ప్లాస్టిక్ ఒక్కటే మోయాలి. పైగా మామూలు పీపీ నడుము సన్నబడుతూ చాలా దూరం సాగుతుంది. పొడి ఎక్కువైతే నడుము సన్నబడేలోపే తెగిపోతుంది. క్లిప్పులు, పలుచటి కీలు మూతలు ఉన్న ముక్కల్లో 40 శాతం టాల్క్ పెట్టొద్దు.

పొడి కలిపితే పెళుసు అవుతుంది అంటారు. ఇంపాక్ట్ పెంచే పొడి ఉండదా?

ఉంటుంది, కొన్ని షరతులతో. రేణువు సుమారు ఒక మైక్రాన్ లోపల ఉండాలి, ఆకారం గుండ్రంగా ఉండాలి, స్టియరిక్ యాసిడ్ (ఒక కొవ్వు ఆమ్లం) పూత ఉండాలి, గడ్డలు లేకుండా విడివిడిగా పరచుకోవాలి. అప్పుడు దెబ్బ తగిలినప్పుడు రేణువులు ఒకేసారి వేల చోట్ల ఊడి, చుట్టూ చిన్న ఖాళీలు వస్తాయి. ఆ ఖాళీల మధ్యనున్న పలుచటి ప్లాస్టిక్ గోడలు సాగి దెబ్బ శక్తిని మింగేస్తాయి. బార్చాక్, ఆర్గాన్, కోహెన్ బృందం 1999లో హెచ్‌డీపీఈ అనే పాలిథీన్‌లో కాల్షియం కార్బొనేట్‌తో ఇది చూపించింది.

ఇక్కడ అంటు తక్కువ ఉండటమే మేలు, బలం కోసం చేసే ఆలోచనకు ఇది తిరగబడి ఉంటుంది. ఒకే ఒక్క పెద్ద గడ్డ ఉన్నా ఖాళీ కాస్తా పగులుగా మారి లాభమంతా పోతుంది. బంపర్ లాంటి వాటికి ఈ దారి చాలదు. అక్కడ రబ్బరు కలిపి ఇంపాక్ట్, టాల్క్ కలిపి గట్టితనం తెచ్చుకుంటారు.

పూత వేసిన పొడి, సైలేన్, మాలియేటెడ్ పీపీ: అన్నీ ఒకటేనా?

కాదు. స్టియరిక్ పూత రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది, ప్లాస్టిక్‌తో బంధం వేయదు. సైలేన్ అనే సిలికాన్ రసాయనం బంధం వేస్తుంది, కానీ దానికి సిలికేట్ ఉపరితలం కావాలి. వొల్లాస్టొనైట్, మైకా, కేయొలిన్ (తెల్ల బంకమట్టి) మీద పనిచేస్తుంది, కాల్షియం కార్బొనేట్ మీద దండగ. మాలియేటెడ్ పీపీ పీపీకీ రాతికీ మధ్య వంతెన. ఒకటి నుంచి మూడు శాతం కలిపితే బలం పెరగడం కనిపిస్తుంది.

## కలిపేటప్పుడు, మౌల్డింగ్‌లో

పొడిని, దానాను హాపర్‌లోనే కలిపి ఇంజెక్షన్ మెషిన్‌లో పోస్తే పోదా?

పోదు. ఇంజెక్షన్ స్క్రూ కరిగించడానికి, తోయడానికి చేసింది. సన్నటి పొడి గడ్డలను విడగొట్టేంత కోత దానిలో లేదు. ఈ పని ఒకే దిశలో తిరిగే జంట స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌ది. మొదట ప్లాస్టిక్‌ను కరిగించి, ఆ తర్వాత పక్క ఫీడర్ నుంచి పొడిని కరిగిన ప్లాస్టిక్‌లోకి పంపుతారు. మొదట్లోనే రెండూ కలిపి పంపితే కరగని దానాల మధ్య పొడి నలిగి బిళ్లలు కడుతుంది, స్క్రూ కూడా అరుగుతుంది. సన్నటి టాల్క్‌లో గాలి చాలా ఉంటుంది కాబట్టి ఆ గాలి పోయే దారి, తర్వాత వాక్యూమ్ వెంట్ తప్పనిసరి.

ఎక్స్‌ట్రూడర్ లేనివాళ్లు మంచి ఫిల్లర్ మాస్టర్‌బ్యాచ్ (ముందే పొడి ఎక్కువగా కలిపి చేసిన గింజలు) కొనుక్కోవడం నయం. కలిసిందో లేదో చూడటానికి కొన్ని గింజలను వేడి ప్రెస్‌లో పలుచటి ఫిల్ములా నొక్కి, ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకోండి. మచ్చలు మచ్చలుగా కనిపించేవన్నీ విడిపోని గడ్డలే.

ముక్క మీద వెండి చారలు వస్తున్నాయి. పీపీకి డ్రైయింగ్ అక్కర్లేదు కదా?

మామూలు పీపీకి అక్కర్లేదు. పొడి ఉపరితలం తేమను పట్టుకుంటుంది కాబట్టి ఈ కాంపౌండ్‌కు కావాలి. 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టండి. వానాకాలంలో సంచి విప్పి వదిలేయకండి.

మామూలు పీపీ మౌల్డ్‌లో టాల్క్ కాంపౌండ్ పోస్తే కొలత సరిపోవడం లేదు. ఎందుకు?

పీపీ చల్లారితే 1.5 నుంచి 2 శాతం కుంచించుకుంటుంది. 40 శాతం టాల్క్ ఉంటే ఒక శాతం చుట్టూ. 300 మిల్లీమీటర్ల ముక్క 1.7 శాతం లెక్కన 5 మిల్లీమీటర్లు తగ్గేది, ఇప్పుడు 3 మాత్రమే తగ్గుతుంది. ఆ 2 మిల్లీమీటర్ల తేడాతో స్క్రూ రంధ్రం ఎదుటి రంధ్రానికి అందదు. హోల్డింగ్ ప్రెషర్ (మౌల్డ్ నిండాక పట్టి ఉంచే ఒత్తిడి) మార్చి సర్దుదామని గంటలు గడుపుతారు, ఇంత తేడాను ప్రెషర్ సర్దలేదు. మౌల్డ్ కోసేముందే ఏ కాంపౌండో తేల్చుకోవాలి.

ఒక మంచి విషయం: టాల్క్ రేకులు నిలువునా, అడ్డంగా దాదాపు సమానంగా కుంచించుకోనిస్తాయి. అందుకే గ్లాస్ ఫైబర్ ముక్కల్లా మెలితిరగవు.

స్క్రూ, బ్యారెల్ అరిగిపోతాయా?

మోస్ కాఠిన్య కొలతలో టాల్క్ 1, కాల్సైట్ 3, క్వార్ట్జ్ 7. టాల్క్ అరగదీయదు. చవక పొడిలో కలిసొచ్చే ఇసుక అరగదీస్తుంది. సరఫరాదారుని సిలికా శాతం అడగండి.

విరిగితే ఎప్పుడూ వెల్డ్ లైన్ దగ్గరే. ఏం చేయాలి?

రెండు ప్రవాహాలు ఎదురైన చోట రేకులు ఆ గీతకు సమాంతరంగా నిలబడతాయి. అక్కడ ఒక రేకూ రెండు వైపులను కలిపి పట్టుకోదు. మెల్ట్, మౌల్డ్ వేడి పెంచితే కొంత మేలు. అసలు మందు గేటు (ప్లాస్టిక్ మౌల్డ్‌లోకి వచ్చే దారి) జరపడమే, భారం పడని చోటికి గీతను పంపాలి.

## పరీక్షించేటప్పుడు

సరుకులో చెప్పినంత పొడి, చెప్పిన పొడే ఉందని ఎలా తెలుసుకోవాలి?

బూడిద పరీక్ష చేయండి. మూసలో కొన్ని గ్రాములు తూచి, ముందు మెల్లగా మండించి, తర్వాత మఫిల్ ఫర్నేస్‌లో పెట్టి, మిగిలింది తూచాలి. వేడి ఎంతో చాలా జాగ్రత్త. కాల్షియం కార్బొనేట్ ఎక్కువ వేడికి సున్నంగా మారి బరువులో 44 శాతం పోగొట్టుకుంటుంది. నిజంగా 40 శాతం ఉన్న సరుకును 900 డిగ్రీల్లో కాలిస్తే 22.4 శాతమే కనిపిస్తుంది. ఈ ఒక్క కారణంగా నిజాయితీ ఉన్న సరఫరాదారు దొంగగా తేలిన సందర్భాలున్నాయి. 550 నుంచి 600 డిగ్రీల మధ్య ఉంచితే రెండు పొడులూ చెక్కుచెదరవు.

తర్వాత ఆ బూడిద మీద పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక చుక్క వేయండి. బుస్సున పొంగితే కాల్షియం కార్బొనేట్. టాల్క్ కదలదు. అక్కడక్కడా నెమ్మదిగా బుడగలొస్తే టాల్క్‌తో వచ్చిన డోలమైట్ మలినం కావచ్చు. టాల్క్ ధర తీసుకుని కాల్షియం పోసినవాళ్లను పట్టుకోవడానికి సాంద్రత పనికిరాదు, రెండింటిదీ ఒకటే. ఈ చుక్క పట్టిస్తుంది.

డేటాషీట్ అంకెలు మా ముక్కలో రావడం లేదు. మోసమా?

చాలావరకు కాదు. డేటాషీట్ నమూనా ఒక చివర గేటుతో పోసిన 4 మిల్లీమీటర్ల కడ్డీ. రేకులన్నీ లాగే దిశలో ఉంటాయి, వెల్డ్ లైన్ ఉండదు, 23 డిగ్రీల్లో పరీక్షిస్తారు. మీ ముక్కలో ఇవేవీ అలా ఉండవు. రెండు కంపెనీల అంకెలు పోల్చేటప్పుడు రెండూ అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ పద్ధతిలోవా, ఒకటి అమెరికన్ ప్రమాణమైన ఏఎస్‌టీఎందా చూడండి. ఇంపాక్ట్‌కు ఒకచోట చదరపు మీటరుకు కిలోజౌల్స్, ఇంకోచోట మీటరుకు జౌల్స్ ఇస్తారు.

హెచ్‌డీటీ (బరువు కింద వంగే ఉష్ణోగ్రత) 130 అని ఉంది. 130 డిగ్రీల వేడిలో వాడొచ్చా?

వాడొద్దు. ఆ అంకె 0.45 మెగాపాస్కల్ అనే చిన్న బరువు కింద, కొద్ది నిమిషాల్లో తీసినది. 1.8 మెగాపాస్కల్ బరువు పెడితే అదే కాంపౌండ్ చాలా తక్కువ వేడికే వంగుతుంది. రోజుల తరబడి భారం మోసే ముక్కకు క్రీప్ (ఆగకుండా భారం పడితే నెమ్మదిగా సాగిపోవడం) వివరాలు అడగండి.

## వాడకంలోకి వెళ్లాక

ఎండలో కుర్చీ తెల్లబడి, చేతికి పొడి అంటుతోంది. పొడి కలపడం వల్లేనా?

ఎండకు ముందు కుళ్లేది పీపీ. పైపొర పగిలి పోయాక లోపలి పొడి బయటపడి చేతికంటుతుంది. కానీ పొడికి బాధ్యత లేదనలేం. సన్నటి టాల్క్ ఎండనుంచి కాపాడే మందులను, యాంటీ ఆక్సిడెంట్లను తన ఉపరితలానికి లాక్కుని పనిచేయకుండా చేస్తుంది. అందులోని ఇనుము మలినాలు వేడిలో పీపీ కుళ్లడాన్ని తొందర చేస్తాయి. వర్జిన్ పీపీకి సరిపోయిన మోతాదు ఇక్కడ సరిపోదు. ఫంక్షన్ హాల్లో పెద్దాయన కూర్చున్న కుర్చీ కాలు విరిగితే తుంటి ఎముక పోతుంది. స్టెబిలైజర్ (ఎండ, వేడి నుంచి కాపాడే మందు) దగ్గర పొదుపు చేయకండి.

బోరుకు కొన్న పీవీసీ పైపు తొందరగా పగిలింది. కాల్షియం ఎక్కువ కలిపారా?

అనుమానం ఉంటే సాంద్రత చూడండి. పీవీసీలో కలిపేది వందభాగాల రెజిన్‌కు (మూల ప్లాస్టిక్) ఎన్ని భాగాలని లెక్కిస్తారు. రెజిన్ సాంద్రత 1.4. పది భాగాల కాల్షియంతో 1.46, ముప్ఫైతో 1.57, యాభైతో 1.67 వస్తుంది. తాగునీటి పైపుల ప్రమాణం ఐఎస్ 4985 సాంద్రతను 1.40 నుంచి 1.46 మధ్య ఉండమంటుంది. చిన్న ముక్క కోసి గాలిలో ఒకసారి, నీళ్లలో వేలాడదీసి ఒకసారి తూచండి. గాలిలోని బరువును రెండింటి తేడాతో భాగిస్తే సాంద్రత వచ్చేస్తుంది. బంగారం కొట్టులోని తక్కెడ చాలు. బరువు చూసి మంచి పైపు అనుకునే రైతుకు ఈ లెక్క చెప్పి తీరాలి, పొడి ఎక్కువైన కొద్దీ పైపు బరువు పెరుగుతుంది, దెబ్బకు ఓర్పు తగ్గుతుంది.

రీసైక్లింగ్ తొట్టిలో ఈ ముక్కలు మునిగిపోతున్నాయి. పీపీ తేలాలి కదా?

14 శాతం పొడి దాటితే సాంద్రత 1 దాటుతుంది, నీటిలో మునుగుతుంది. అలా అది పీవీసీ, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) ముక్కలతో కలిసి అడుగుకు చేరి పాడవుతుంది. తొట్టిలో వేయకముందే విడదీయాలి. ముక్క వెనుక వైపు చూస్తే బాణం గుర్తుల మధ్య పీపీ-టీడీ20 అని అచ్చుంటుంది. టీ అంటే టాల్క్, డీ అంటే పొడి, 20 అంటే శాతం. కారు బంపర్ వెనుక పీపీ, ఈపీడీఎం అనే రబ్బరు పేరు, టీడీ కలిపి కనిపిస్తాయి. వీటిని విడిగా పోగుచేసి మళ్లీ టాల్క్ కాంపౌండ్‌లోనే వాడితే గట్టితనం పెద్దగా తగ్గదు, రేకులు గ్లాస్ ఫైబర్ పోగుల్లా ప్రతిసారీ పొట్టివి కావు. స్టెబిలైజర్ మాత్రం కొత్తగా వేయాలి. మీరే మౌల్డ్ చేయిస్తుంటే ఆ గుర్తు చెక్కించడం మర్చిపోకండి.